మైగ్రేన్ ఉన్నవాళ్లు పేగుల్ని పట్టించుకోవడం ఎలా: అడుగడుగునా వివరంగా

తల పగిలిపోతుంటే ఒక చేయి నుదుటి మీద, ఇంకో చేయి కడుపు మీద పెట్టుకుని చీకటి గదిలో పడుకోవడం మైగ్రేన్ ఉన్నవాళ్లకు కొత్త కాదు. వికారం, వాంతి ఈ జబ్బును గుర్తుపట్టే లక్షణాల్లోనే ఉన్నాయి. కొందరికి నొప్పికి ముందురోజే కడుపు ఉబ్బరమో, మలబద్ధకమో మొదలవుతుంది. పిల్లల్లో అయితే తలనొప్పి అసలు లేకుండా, ఉండుండి వచ్చే కడుపునొప్పి రూపంలోనే మైగ్రేన్ బయటపడొచ్చు. నార్వేలో 40 వేల మందికి పైగా పెద్దవాళ్ల వివరాలు తీసుకుని 2008లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది: గుండెల్లో మంట, విరేచనాలు, మలబద్ధకం, వికారం ఎక్కువగా ఉన్నవాళ్లలో తలనొప్పులూ ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేగుల్ని శుభ్రం చేస్తే మైగ్రేన్ మాయమైపోతుందనే మాట నమ్మకండి. మైగ్రేన్ ప్రధానంగా మెదడుకు సంబంధించిన జబ్బు, అందులో వంశపారంపర్యం పాత్ర పెద్దది. కానీ ఒక చెరువుని ఊహించుకోండి. నిద్ర తక్కువైతే ఒక వాగు, నెలసరి దగ్గరపడితే ఒక వాగు, తిండి వేళ తప్పితే ఇంకో వాగు, అన్నీ అందులోకే వచ్చి చేరతాయి. నీళ్లు గట్టు దాటిన రోజు నొప్పి వస్తుంది. పేగులు అలాంటి వాగుల్లో ఒకటి. దాన్ని కాస్త అదుపులో పెట్టగలిగితే గట్టు తెగే రోజులు తగ్గొచ్చు. ఆ పని ఏ వరసలో చేయాలో, ఫలితం వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ చెబుతాను.

పేగు నుంచి తలకు దారులు

మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఒక అంచనా వేశారు. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచుని అవి పులియబెట్టి బ్యూటిరేట్, ప్రొపియొనేట్, అసిటేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. ఇందులో బ్యూటిరేట్ పెద్దపేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఆహారం. అది సరిగ్గా అందితే గోడ గట్టిగా ఉంటుంది. అందకపోతే గోడ సడలి, బ్యాక్టీరియా పైపొరల తునకలు రక్తంలోకి జారతాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని చూసి వాపుని పెంచే రసాయనాలు వదులుతుంది. ముఖానికీ మెదడు పొరలకూ నొప్పి కబురు మోసే ట్రైజెమినల్ నాడిని ఆ రసాయనాలు తేలిగ్గా రేగేలా చేస్తాయి. ఆ నాడి చివరల నుంచి విడుదలయ్యే సీజీఆర్‌పీ అనే పదార్థమే మైగ్రేన్ నొప్పికి ముఖ్య కారణాల్లో ఒకటి. ఈ పదార్థం పాత్రని వెలికితీసిన లార్స్ ఎడ్విన్సన్, పీటర్ గోడ్స్‌బీ, మైకేల్ మాస్కొవిట్జ్, యెస్ ఒలెసెన్‌లకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు.

రెండో దారి వేగస్ నాడి. మెదడు నుంచి కడుపుకి ఆజ్ఞలు మోసే తీగ అని దాన్ని అనుకుంటాం గానీ, అందులోని పోగుల్లో సుమారు 80 శాతం కింది నుంచి పైకి కబుర్లు చేరవేసేవే.

మూడోది సెరొటోనిన్. ఒంట్లోని సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. ఎలుకల పేగుల్లో కొన్ని రకాల బ్యాక్టీరియా ఈ తయారీని పెంచుతాయని అమెరికాలోని కాల్‌టెక్ పరిశోధకులు 2015లో చూపించారు. ఇక్కడ ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది: పేగుల్లో తయారైన సెరొటోనిన్ మెదడుకి వెళుతుందని. వెళ్లదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న కంచెని అది దాటలేదు. దాని ముడిసరుకైన ట్రిప్టోఫాన్ మాత్రం దాటుతుంది. ట్రిప్టోఫాన్‌లో ఎంత ఏ దారికి పోతుందన్న విషయంలో బ్యాక్టీరియాకు చెయ్యి ఉంది.

నాలుగోది నైట్రేట్ల కథ. గుండెనొప్పికి నైట్రోగ్లిజరిన్ అనే నైట్రేట్ మందు వాడినవాళ్లకి తలనొప్పి రావడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ప్రయోగశాలల్లో మైగ్రేన్‌ని రప్పించడానికి దాన్ని కూడా వాడతారు. జనం పంపిన నమూనాల్లోని బ్యాక్టీరియాని పరిశీలించే అమెరికన్ గట్ ప్రాజెక్టు నమూనాలతో 2016లో చేసిన అధ్యయనంలో, నైట్రేట్లను మార్చగల జన్యువులున్న బ్యాక్టీరియా మైగ్రేన్ ఉన్నవాళ్ల నోళ్లలో ఎక్కువగా కనిపించాయి. మలంలో తేడా స్వల్పమే. నిల్వ ఉంచిన మాంసాల్లో నైట్రేట్లు, నైట్రైట్లు కలుపుతారు కాబట్టి, అవి తిన్నాక కొందరికి నొప్పి ఎందుకొస్తుందన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు కావొచ్చు.

మైగ్రేన్ ఉన్న వృద్ధ మహిళల్లో బ్యూటిరేట్ తయారుచేసే ఫీకాలిబాక్టీరియం లాంటి మంచి జాతులు తక్కువగా ఉన్నాయని ఇంకో అధ్యయనం చెప్పింది. అయితే ఏది ముందు? తరచూ వాంతులయ్యేవాళ్లు, తిండి తగ్గించేవాళ్లు, నెలనెలా మాత్రలు మింగేవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా ఎలాగూ మారతాయి. అంటే దారి అటూ ఇటూ రెండు వైపులా ఉంది. అందుకే ఫలానా బ్యాక్టీరియాను చంపితేనో పెంచితేనో సరిపోతుందని ఎవరైనా అంటే అనుమానించండి.

మొదటి అడుగు: అది మైగ్రేనేనని ఖాయం చేసుకోండి

మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలుండే నొప్పి. ఒక పక్కనే రావడం, నాడి కొట్టుకున్నట్టు ఉండటం, నొప్పి ఓ మోస్తరుగానో తీవ్రంగానో ఉండటం, మెట్లెక్కినా నడిచినా ఎక్కువ కావడం అనే నాలుగింటిలో కనీసం రెండు. వికారం లేదా వాంతి, లేదంటే వెలుతురూ శబ్దమూ రెండూ భరించలేకపోవడం. ఇలాంటివి కనీసం ఐదుసార్లు వచ్చి ఉండటం. నిర్ధారణకి వైద్యులు చూసేవి ఇవే.

ఉన్నట్టుండి క్షణాల్లో తారస్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, ఒక పక్క కాలూచేయీ పడిపోవడం, మాట తడబడటం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 50 ఏళ్లు దాటాక తొలిసారి మొదలైన తలనొప్పి, గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన తలనొప్పి, క్యాన్సర్ ఉన్నవాళ్లకు కొత్తగా వచ్చిన తలనొప్పి అయినా ఆలస్యం చేయకుండా వైద్యుల్ని కలవాలి. వీటిలో ఏది ఉన్నా ఈ మార్గదర్శిని పక్కన పెట్టేయండి.

రెండో అడుగు: ఏదీ మార్చకుండా నాలుగు వారాలు రాయండి

ఈ అడుగుని దాటేసేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం మొత్తం ప్రయత్నంలో ఇదే ప్రాణం అనిపిస్తుంది. కారణం ఒకటుంది. నొప్పి బాగా ఎక్కువైన నెలలోనే మనం కొత్త ప్రయత్నం మొదలుపెడతాం. మైగ్రేన్ సహజంగానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, ఏమీ చేయకపోయినా తర్వాతి నెల కొంత తెరిపిగా ఉంటుంది. ఆ పేరు కొత్తగా కొన్న మందు డబ్బాకి దక్కుతుంది. ముందరి నెల లెక్క చేతిలో ఉంటే ఈ పొరపాటు సగం తగ్గుతుంది.

రోజుకి రెండు నిమిషాలు చాలు. ఆ రోజు తలనొప్పి ఉందా, పదికి ఎంత; ఏ మాత్ర ఎన్ని; భోజనాలు ఏ వేళకి చేశారు, ఏ పూట మానేశారు; ఎన్ని గంటలు పడుకున్నారు; ఆడవాళ్లయితే నెలసరి రోజు. వీటితో పాటు విరేచనం సంగతి తప్పకుండా రాయాలి. గట్టి ఉండల నుంచి నీళ్ల విరేచనం దాకా ఒకటి నుంచి ఏడు అంకెలుగా విభజించిన బ్రిస్టల్ పట్టిక వైద్యులంతా వాడేదే. ఆ అంకె ఒకటి వేస్తే చాలు.

నా సొంత డైరీలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. నేనెప్పుడూ తిన్న పదార్థాన్నే తప్పుపట్టేదాన్ని. రాసి చూసుకుంటే, నొప్పికి ఒకటి రెండు రోజుల ముందు విరేచనం ఆగిపోయిన సందర్భాలు వరసగా కనిపించాయి. నీళ్లు తాగకపోవడం, పూట తప్పించడం, ప్రయాణం, ఇవన్నీ ఆ రోజుల చుట్టూనే ఉన్నాయి.

డైరీ చదివేటప్పుడు ఒక జాగ్రత్త. నొప్పికి ముందు కొన్ని గంటల నుంచి రెండు రోజుల దాకా ఉండే పూర్వదశలో ఆవలింతలు, చిరాకు, మెడనొప్పి, తీపి మీద యావ కనిపిస్తాయి. అప్పుడు చాక్లెట్ తిని, తర్వాత నొప్పి వస్తే చాక్లెట్ వల్లే వచ్చిందనుకుంటాం. నిజానికి మైగ్రేన్ అప్పటికే మొదలై ఉంటుంది, ఆ కోరిక పుట్టింది దానివల్లే. ఒక్కసారి జరిగినదాన్ని బట్టి ఏ తిండినీ నిషేధించకండి. మైగ్రేన్ ఉన్నవాళ్లు ఒక్కొక్కటీ మానేస్తూ చివరికి నాలుగు రకాల తిండి మీద బతకడం చూస్తే నాకు బాధేస్తుంది. బ్యాక్టీరియాకు వైవిధ్యం కావాలి, మనం దానికి సరిగ్గా వ్యతిరేకంగా నడుస్తున్నాం.

మూడో అడుగు: దాగిన పేగు జబ్బుల్ని తేల్చుకోండి

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్ర లేపే విరేచనాలు ఉంటే ముందు వాటికి వైద్యం కావాలి.

గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లలో మైగ్రేన్ ఎక్కువ. వాళ్లు గ్లూటెన్ మానేస్తే తలనొప్పులు కూడా తగ్గే అవకాశం ఉంది. అనుమానం ఉంటే రక్తపరీక్షతో మొదలుపెడతారు. ఆ పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకూడదు. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేదని రావొచ్చు. జబ్బు లేదని తేలితే గ్లూటెన్ మానాల్సిన పని లేదు.

కడుపులో మంట, పుండ్ల లక్షణాలు ఉంటే హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేయించుకోవచ్చు. అది ఉంటే కడుపు కోసం వైద్యం తీసుకోవాలి. తలనొప్పి కూడా తగ్గుతుందా అన్న దానిపై పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. మలవిసర్జనతో ముడిపడిన కడుపునొప్పి, ఒకసారి మలబద్ధకం ఒకసారి విరేచనాలు నెలల తరబడి ఉంటే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేగుల సమస్య కావొచ్చు. మైగ్రేన్, ఐబీఎస్ కలిసి ఉండటం సాధారణం.

మలం నమూనా పంపితే బ్యాక్టీరియా జాబితా ఇచ్చే ఖరీదైన కిట్ల జోలికి వెళ్లొద్దని నా సలహా. ఆ జాబితాని చూసి మైగ్రేన్‌కి వైద్యం నిర్ణయించే పద్ధతి ఏదీ ఇంకా లేదు.

నాలుగో అడుగు: మందుల లెక్క సరిచూసుకోండి

ఇది బ్యాక్టీరియా సంగతి కాదనిపిస్తుంది గానీ, ఇక్కడ తప్పుంటే మిగతా అడుగులన్నీ వృథా. ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ మందులు, రెండు మూడు మందులు కలిపిన నొప్పి మాత్రలు నెలకి 10 రోజులు లేదా అంతకు మించి, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి 15 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడుతుంటే ఆ మందులే తలనొప్పిని పెంచుతుండొచ్చు. వాటిని ఎలా తగ్గించుకోవాలో వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. పైగా ఐబుప్రొఫెన్ జాతి మందులు తరచూ వాడితే కడుపు, పేగు గోడలు దెబ్బతింటాయి.

పోటు వచ్చినప్పుడు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం మందగిస్తుంది. వేసుకున్న మాత్ర అక్కడే కూర్చుంటుంది, పేగులోకి దిగదు, పని చేయదు. అందుకే నొప్పి మొదలైన తొలి గంటలోపే వేసుకోమంటారు. అయినా పని చేయకపోతే వాంతులు తగ్గించి కడుపుని కదిలించే మందుని జతచేయడం గురించి, ముక్కులో కొట్టుకునే స్ప్రే లేదా ఇంజెక్షన్ రూపం గురించి అడగండి. మాత్ర పని చేయడం లేదని వదిలేసినవాళ్లలో కొందరికి అసలు అడ్డు కడుపే.

మీరు వాడే నివారణ మందు పేగుల్ని ఏం చేస్తోందో కూడా చూసుకోండి. అమిట్రిప్టిలిన్ మలబద్ధకం తెస్తుంది. 2018లో అనుమతి పొందిన ఎరెనుమాబ్ లాంటి సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్‌తోనూ కొందరికి అదే సమస్య. సీజీఆర్‌పీ పేగుల్లో కూడా పని చేస్తుంది మరి. మెగ్నీషియం మాత్రలు దీనికి తారుమారు, విరేచనాలు తెస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు వైద్యుల్ని అడగకుండా వాటిని ముట్టకూడదు. యాంటీబయాటిక్స్ అవసరమైనప్పుడు వాడాల్సిందే, కానీ జలుబుకల్లా మింగకండి. యాంటీబయాటిక్స్ ఇచ్చి పేగు బ్యాక్టీరియాని చెదరగొట్టిన ఎలుకల్లో మైగ్రేన్ లాంటి నొప్పి ఎక్కువసేపు నిలిచిందని ప్రయోగాల్లో కనిపించింది.

ఐదో అడుగు: వేళలు

రోజూ దాదాపు ఒకే వేళకి తినడం, ఒకే వేళకి పడుకుని లేవడం. పూట తప్పించడం మైగ్రేన్‌ని రేపే కారణాల్లో బాగా తెలిసినది. ఉపవాసాలతో పేగుల్ని బాగుచేస్తామనే పద్ధతులు అందుకే మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఎదురుతిరుగుతాయి. కాఫీ తాగితే రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ లోపు, అంటే ఒకటి రెండు కప్పులు, సెలవు రోజుల్లోనూ అదే వేళకి.

ఆరో అడుగు: పీచుని మెల్లగా పెంచండి

బ్యాక్టీరియాకు మనం చేయగల అసలు సాయం ఇదే. పెద్దవాళ్లు రోజుకి కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలూ పండ్లూ తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చాలామంది అంతదాకా వెళ్లరు.

తొందరపడితే మాత్రం దెబ్బతింటారు. నిన్నటిదాకా 12 గ్రాములు తిని ఇవాళ 30 తింటే గ్యాస్, ఉబ్బరం, కడుపునొప్పి తప్పవు, మూడో రోజుకి మానేస్తారు. వారానికి ఐదు గ్రాములకు మించి పెంచకండి. ఐదు గ్రాములంటే ఎంతో అంచనా కోసం: ఉడికించిన శనగలో రాజ్మానో అరకప్పు తింటే ఆరేడు గ్రాములు, తొక్కతో యాపిల్ ఒకటి నాలుగు గ్రాములు, గుప్పెడు బాదం మూడున్నర, పచ్చి ఓట్స్ 40 గ్రాములు తీసుకుంటే సుమారు నాలుగు. మొదటి వారం ఒక పండు, రెండో వారం దానికి తోడు అరకప్పులో సగం గింజలు, ఇలా. గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే గ్యాస్ తగ్గుతుంది. ఉడికించి చల్లార్చిన బంగాళదుంపలో, అన్నంలో అరగని పిండిపదార్థం కొంత పెరుగుతుంది. అదీ బ్యాక్టీరియాకు ఆహారమే. పీచు పెంచి నీళ్లు పెంచకపోతే మలబద్ధకం ఇంకా బిగుస్తుంది.

పరిమాణం ఎంత ముఖ్యమో రకాలూ అంతే ముఖ్యం. వారంలో 30కి పైగా వేర్వేరు మొక్కల ఆహారాలు తినేవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం ఎక్కువగా ఉందని అమెరికన్ గట్ ప్రాజెక్టు 2018లో చెప్పింది. కూరలు, పండ్లు, పప్పులు, గింజలు, ధాన్యాలు, ఆకులు, మసాలా దినుసులు అన్నీ లెక్కలోకే వస్తాయి. ఒక కాగితం మీద వారం పొడవునా టిక్కులు పెట్టి చూడండి, మొదటిసారి పదిహేను దాటడం కష్టం.

ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు పడకపోవచ్చు. వాళ్లు ఫాడ్‌మ్యాప్ (పేగుల్లో సరిగ్గా ఇంకక పులిసే కొన్ని రకాల పిండిపదార్థాలు) తగ్గించే ఆహారాన్ని డైటీషియన్ పర్యవేక్షణలో నాలుగు నుంచి ఆరు వారాలు పాటించి, ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరిగి చేర్చుకోవాలి. జీవితాంతం అలా ఉండిపోతే మేలు చేసే బ్యాక్టీరియాకే పస్తు.

ఏడో అడుగు: పులిసినవి, కొంచెం కొంచెంగా

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మంది ఆరోగ్యవంతులతో చేసి 2021లో ప్రచురించిన ప్రయోగంలో, పది వారాలు పెరుగు, కెఫీర్ అనే పులియబెట్టిన పాల పానీయం, పులియబెట్టిన కూరగాయలు ఎక్కువగా తిన్నవాళ్ల పేగుల్లో వైవిధ్యం పెరిగింది, వాపుని సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఇక్కడే మెలిక ఉంది. పులిసేకొద్దీ కొన్ని పదార్థాల్లో హిస్టమిన్, టైరమిన్ పోగవుతాయి. కొందరికి వీటివల్లే నొప్పి రేగుతుంది. తాజా పెరుగుతో మొదలుపెట్టండి, రోజుకి అరకప్పు. రెండు వారాలు డైరీ చూసుకుని సాఫీగా ఉంటేనే పెంచండి. ఎన్నో నెలలు మాగబెట్టిన చీజ్ చివరి వరసలో ఉండాలి. డిప్రెషన్‌ లాంటి జబ్బులకిచ్చే ఎంఏఓ నిరోధకాలు అనే రకం మందులు వాడేవాళ్లకు టైరమిన్ ప్రమాదకరం, రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోతుంది.

తిండి మార్చి మైగ్రేన్‌ని తగ్గించడంలో నాకు బాగా నమ్మకం కలిగించిన ప్రయోగం మాత్రం బ్యాక్టీరియా మీద చేసింది కాదు. 182 మందితో 16 వారాలు చేసి 2021లో ప్రచురించారు. చేపల్లో ఉండే ఒమేగా 3 కొవ్వులు పెంచి, చాలా వంటనూనెల్లో ఉండే లినోలెయిక్ ఆమ్లం తగ్గించి తిన్నవాళ్లకి, మామూలు తిండి తిన్న జట్టుతో పోలిస్తే తలనొప్పి రోజులు నెలకి దాదాపు నాలుగు తగ్గాయి. చేపలు తినేవాళ్లు దీన్ని ఆరో అడుగుతో కలిపేయకుండా, ఆ తర్వాత విడిగా ప్రయత్నించడం మంచిది.

ఎనిమిదో అడుగు: ప్రొబయాటిక్ వాడాలనుకుంటే

ప్రొబయాటిక్ అంటే మేలు చేస్తుందని తీసుకునే బతికున్న బ్యాక్టీరియా. దానిమీద జరిగిన రెండు ప్రయోగాల గురించి చెబుతాను. నెదర్లాండ్స్‌లో 63 మందితో చేసి 2017లో ప్రచురించిన దానిలో 12 వారాల తర్వాత ప్రొబయాటిక్‌కీ, మందు లేని ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇరాన్‌లో 14 రకాల బ్యాక్టీరియా కలిపి ఇచ్చి 2019లో ప్రచురించిన దానిలో నొప్పులు బాగానే తగ్గాయి. రెండూ చిన్నవే, వాడిన జాతులు వేరు. కాబట్టి ప్రయత్నించడం తప్పు కాదు, ఆశ పెద్దగా పెట్టుకోవద్దు.

ప్రయత్నిస్తే పద్ధతిగా చేయండి. పీచు అలవాటైన తర్వాతే మొదలుపెట్టాలి, రెండూ ఒకేసారి వద్దు. జాతి పేరు, రకం సంకేతం, గడువు తేదీ నాటికి బతికి ఉండే బ్యాక్టీరియా సంఖ్య డబ్బా మీద రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి. 8 నుంచి 12 వారాలు ఒకే రకాన్ని వాడాలి, మధ్యలో మార్చకూడదు. మొదటి వారం కాస్త గ్యాస్ మామూలే. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, రక్తనాళంలో గొట్టం అమర్చి ఉన్నవాళ్లు వైద్యుల అనుమతి లేకుండా వాడకూడదు. అరుదుగా అయినా వీళ్లలో ఆ బ్యాక్టీరియానే రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది.

తొమ్మిదో అడుగు: లెక్క తేల్చండి

ఒక్కో మార్పుకీ కనీసం ఎనిమిది వారాలు ఇచ్చి, ఆఖరి నాలుగు వారాల్ని మొదటి నాలుగు వారాలతో పోల్చండి. చూడాల్సినవి మూడు: నొప్పి రోజులెన్ని, మాత్ర వేసుకున్న రోజులెన్ని, పని ఆగిపోయిన రోజులెన్ని. ఎనిమిది రోజులు ఏడైతే దాన్ని మెరుగు కింద లెక్కేయకండి, ఆ మాత్రం తేడా ఊరికే కూడా వస్తుంది. సగానికి తగ్గితే అది నిజమైన లాభం, ఆ అలవాటుని ఉంచుకోండి. సగం తగ్గకపోయినా మూడోవంతు తగ్గి, విరేచనం గాడిలో పడి ఉంటే నేనైతే పీచుని కొనసాగిస్తాను, ప్రొబయాటిక్ డబ్బాని ఆపేస్తాను. ఆపాక నాలుగు వారాలు రాసి చూస్తే అది పని చేసిందో లేదో ఇంకాస్త స్పష్టమవుతుంది.

ఏమీ తగ్గకపోతే, లేదా నెలలో నాలుగు రోజులకు మించి నొప్పి మిమ్మల్ని మంచాన పడేస్తుంటే, నివారణ మందుల గురించి న్యూరాలజిస్టుని కలవండి. నెలకి 15 రోజులు లేదా అంతకు మించి తలనొప్పి ఉంటే ఈ అడుగులు పూర్తయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లండి. వెళ్లేటప్పుడు డైరీ పట్టుకెళ్లండి. మలబద్ధకం ఉందని, వాంతులవల్ల మాత్ర నిలవడం లేదని అందులో రాసి ఉంటే, పేగుల్ని ఇంకా మందగింపజేసే మందుని పక్కనపెట్టి మీకు సరిపడేదాన్ని ఎంచుకోవడం ఆ వైద్యులకు సులువవుతుంది.